కొత్తవి నేర్చుకోవడం ఆఫీసు టైములోనా, ఇంటి టైములోనా? ప్రోగ్రామర్లు లెక్క తేల్చుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరిన మొదటి ఆరేళ్లు నేను రాత్రిళ్లే చదివాను. పగలు ఒప్పుకున్న పనికి కావలసినదంతా రాత్రి పది దాటాక నేర్చుకుని, మర్నాడు అన్నీ ముందే తెలిసినవాడిలా వెళ్లి కూర్చునేవాణ్ణి. ఒకసారి మెసేజ్ క్యూ (ఒక ప్రోగ్రామ్ పంపిన సందేశాలను ఇంకోటి తీసుకునేదాకా వరుసలో ఉంచే వ్యవస్థ) మీద పని వచ్చింది. అంతకు ముందు దాన్ని ముట్టుకున్నది లేదు. నాలుగు రాత్రులు కూర్చుని నేర్చుకుని, పని మూడు రోజుల్లో పూర్తి చేసి ఇచ్చాను. మేనేజరు మెచ్చుకున్నారు. తర్వాతి నెలలో అలాంటి పనే మా టీమ్‌లో ఇంకొకామెకు ఇస్తూ "ఇది మూడు రోజుల పనే కదా" అన్నారు. ఆమెకు ఇంట్లో ఏడాది బాబు. రాత్రి పది దాటాక చదవడం ఆమెకు కుదిరే పని కాదు. ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఏడాది రివ్యూలో ఆమె పని నెమ్మది అని రాశారు. మూడు రోజుల లెక్క తప్పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు విప్పలేదు.

చాటుగా నేర్చుకుంటే మన నిద్ర ఒక్కటే పోదు. టీమ్ వేసుకునే అంచనాలన్నీ తప్పవుతాయి, ఆ తప్పు లెక్కతోనే పక్కవాళ్లను కొలుస్తారు. అందుకే ఆఫీసు పనికి కావలసిన చదువు ఆఫీసు టైములో, అందరికీ కనబడేలా జరగాలని నా గట్టి అభిప్రాయం. సొంత టైములో చదివేది మన కోసం అయి ఉండాలి. ఈ రెంటినీ ఎలా విడదీయాలో, విడదీశాక ఏం చేయాలో నేను పాటించే పద్ధతి చెబుతాను.

ముందు రెండు వారాలు రాసి పెట్టుకోండి

ఒక టెక్స్ట్ ఫైల్ తెరవండి. కొత్తగా ఏదైనా తెలుసుకోవలసి వచ్చిన ప్రతిసారీ ఒక లైన్ రాయండి: ఏమిటి, ఎందుకు, ఎంతసేపు, ఏ టైములో. ఎర్రర్ మెసేజ్ పట్టుకుని గంటసేపు వెతికినా అది కూడా చదువే, రాయండి. నా ఫైల్లో లైన్లు ఇలా ఉండేవి:

మంగళవారం రాత్రి 9.30 నుంచి 11 దాకా: కుబెర్నెటిస్‌లో లైవ్‌నెస్ ప్రోబ్‌కీ రెడీనెస్ ప్రోబ్‌కీ తేడా. రిలీజ్ ఆగిపోయింది కాబట్టి.

బుధవారం మధ్యాహ్నం 40 నిమిషాలు: తేదీలను యూటీసీలో దాచుకుంటే రిపోర్టులో ఒక రోజు ఎందుకు జరుగుతోంది. బగ్ వచ్చింది కాబట్టి.

శనివారం పొద్దున 2 గంటలు: రస్ట్‌లో ఓనర్‌షిప్. ఇష్టం కొద్దీ.

ఈ రెండు వారాలూ అలవాట్లేమీ మార్చుకోకండి. రాత్రి చదివే అలవాటుంటే చదవండి, కానీ ఆ సంగతి రాయండి. చాలామందికి మొదటి ఆశ్చర్యం ఇక్కడే ఎదురవుతుంది. 'నా ఎదుగుదల కోసం' చదువుతున్నామనుకున్న రాత్రుల్లో ఎక్కువ భాగం మర్నాటి టికెట్ (టీమ్ పనుల జాబితాలో మనకు అప్పగించిన ఒక పని) కోసమే పోయి ఉంటుంది.

తర్వాత మూడు కుప్పలు చేయండి

ఒక్కో లైన్ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది నాకు తెలియకపోతే ఆఫీసు పని ఆగుతుందా? రేపు ఈ ఉద్యోగం మానేస్తే ఇది నా వెంట వస్తుందా?

పని ఆగేదైతే అది మొదటి కుప్ప. కంపెనీ లోపల వాడే బిల్డ్ టూల్, ఎవరో ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్, క్లయింట్ అడిగిన పేమెంట్ గేట్‌వే ఇందులోకి వస్తాయి. ఈ రోజు పని ఆగదు గానీ ఎక్కడికెళ్లినా వెంట వచ్చేదైతే రెండో కుప్ప: డేటాబేస్‌లు, నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్, టెస్టులు రాయడం, విషయం అర్థమయ్యేలా రాయడం. ఈ రెండూ కాక కేవలం ఇష్టం కొద్దీ చదివేది మూడోది.

మొదటి రెండు కుప్పల మధ్య ఇంకో తేడా ఉంది, అది ఆయుష్షు. ఎడ్గార్ కాడ్ రిలేషనల్ డేటాబేస్ నమూనాను 1970లో ప్రతిపాదించారు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో మొదలైంది. ఆ పునాదుల మీదే ఇవాళ్టికీ పని చేస్తున్నాం. అదే యాంగులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2010లో వచ్చింది, 2021 చివరికి దానికి సపోర్ట్ ఆగిపోయింది. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. పైథాన్ 3 వచ్చింది 2008లో, పైథాన్ 2కు సపోర్ట్ ఆగింది 2020 జనవరి 1న. ఆ పదకొండేళ్లలో ఎన్నో టీమ్‌లు పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకున్నాయి. స్ట్రింగులు, బైట్ల మధ్య తేడా దగ్గర తలనొప్పులు పడుతూ నేర్చుకున్నదంతా కంపెనీ కోడ్ బతకడానికే. త్వరగా పాతబడే వస్తువును ఎంచుకున్నది ఆఫీసు అయినప్పుడు దాన్ని నేర్చుకునే ఖర్చు కూడా ఆఫీసే పెట్టుకోవాలి. సొంత గంటలను దాని మీద పోస్తే, అది పాతబడ్డ రోజున ఆ గంటలూ దానితోపాటే పోతాయి.

మూడో కుప్ప గురించి ఒక మాట. గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ గురించి ప్రకటించినప్పుడు అది హాబీ మాత్రమేనని రాశారు. వీళ్లను చూపించి ప్రోగ్రామరన్నవాడు సెలవుల్లో కూడా కోడ్ రాయాలని కొందరు వాదిస్తారు. ఆ వాదన నాకు నచ్చదు. వాళ్లిద్దరూ ఎవరో చెబితే మొదలుపెట్టలేదు, మొదలుపెట్టాలనిపించి మొదలుపెట్టారు. మీకు అలా అనిపిస్తే చేయండి. అనిపించకపోతే మీ ఇష్టాలు తోటపనిలోనో సంగీతంలోనో ఉండవచ్చు, దాని వల్ల మీరు తక్కువ ప్రోగ్రామర్ అయిపోరు.

మొదటి కుప్పను అంచనాలోకి తీసుకురండి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన అడుగు ఇదే. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే.

ఏదైనా పనికి ఎన్ని రోజులు పడుతుందని అడిగినప్పుడు నేర్చుకునే సమయాన్ని లోపల కలిపేసి ఒకే అంకె చెప్పకండి. విడిగా చెప్పండి. "మొత్తం నాలుగు రోజులండీ. అందులో ఒకటిన్నర రోజు ఈ లైబ్రరీని అర్థం చేసుకోవడానికి. అది ముందు చేస్తాను. అయ్యాక మిగతా రెండున్నర రోజుల లెక్క సరిగ్గా ఉందో లేదో చెప్తాను." మాట ఇంత సూటిగా ఉంటే చాలు. క్షమాపణలు అక్కర్లేదు, సంజాయిషీ అంతకన్నా అక్కర్లేదు.

దీనికి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని పద్ధతి వాళ్లు పెట్టిన పేరు స్పైక్. ఒక సందేహం తీర్చుకోవడానికి గడువు పెట్టుకుని చేసే చిన్న ప్రయోగం, అందులో రాసిన కోడ్‌ను తర్వాత పారేస్తారు. మీ టీమ్ స్క్రమ్ లాంటి పద్ధతిలో పని చేస్తుంటే ఈ మాట అందరికీ తెలిసే ఉంటుంది, దాని పేరు మీద టికెట్ తెరవడం తేలిక. టికెట్ శీర్షిక మాత్రం ప్రశ్నలా ఉండాలి. 'కాఫ్కా నేర్చుకోవడం' (కాఫ్కా అంటే ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) అని రాస్తే అది ఎప్పటికీ పూర్తి కాదు, పైవాళ్లకు కూడా చదువుకోవడానికి సెలవు అడిగినట్టు కనబడుతుంది. 'కన్స్యూమర్ (మెసేజ్‌లు అందుకునే ప్రోగ్రామ్) మధ్యలో పడిపోతే అదే మెసేజ్ రెండుసార్లు ప్రాసెస్ అవుతుందా? అయితే మనం ఏం చేయాలి?' అని రాయండి. దీనికి జవాబుంటుంది. గడువు అయిపోగానే ఆపి, తెలిసినంతవరకు అర పేజీ రాసి టికెట్‌కు తగిలించండి. తెలియనిది మిగిలితే అది కూడా రాయండి. తర్వాత ఆ పని ఎవరి చేతికి వెళ్లినా ఆ అర పేజీ వాళ్లకు ఒక రోజు మిగులుస్తుంది.

'రాదని ఒప్పుకుంటే చులకనైపోతానేమో' అనే భయం ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు మరీ టెన్షన్. నేను టీమ్ నడిపిన రోజుల నుంచి చెబుతున్నాను: ఏది రాదో పని మొదలయ్యే ముందే చెప్పే మనిషి అంచనాలను నమ్మి ప్లాన్ వేయొచ్చు. గడువు ముందు రోజు దాకా అన్నీ వచ్చినట్టు ఉండి, ఆ రోజు చేతులెత్తేసే మనిషితోనే ఇబ్బంది.

మేనేజరు "అదంతా ఇంటి దగ్గర చూసుకోండి" అంటే ఇలా అనండి: "చూసుకోగలను సార్. కానీ అలా చేస్తే ఈ పనికి నిజంగా ఎంత పడుతుందో మన ప్లాన్‌లోకి రాదు. రేపు ఇదే పని ఇంకొకరికి ఇస్తే లెక్క తప్పుతుంది." ఇది ఆయనకు కూడా పనికొచ్చే సంగతి కాబట్టి వినే అవకాశం ఎక్కువ. అన్నిసార్లూ వింటారని మాత్రం చెప్పను.

మీరున్న చోట చట్టం ఏమంటుందో కూడా ఒకసారి చూసుకోండి. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన 1152వ నంబరు ఆదేశం 13వ అధికరణ ప్రకారం, చట్టమో సామూహిక ఒప్పందమో ఉద్యోగికి తప్పనిసరిగా ఇవ్వాలన్న శిక్షణను యజమాని ఉచితంగా ఇవ్వాలి, దాన్ని పని గంటల్లో లెక్కించాలి, వీలైనంతవరకు పని వేళల్లోనే జరపాలి. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో శిక్షణను పని గంటల నుంచి తీసేయాలంటే నాలుగు షరతులూ కుదరాలి: పని వేళల బయట జరగాలి, పూర్తిగా ఐచ్ఛికం కావాలి, ఉద్యోగానికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ సమయంలో వేరే పని చేయకూడదు. ఓవర్‌టైమ్ నియమం వర్తించని ఉద్యోగాల్లో ఉన్న ప్రోగ్రామర్లకు ఇది నేరుగా పనికిరాకపోవచ్చు. అయినా ఆఫీసు పనికి కావలసిన చదువు కూడా పనే అన్న మాట చట్టాలు రాసేవాళ్లకు కొత్త కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రెండో కుప్పను పనిలోంచే తీయండి

పునాది విషయాలు నేర్చుకోవాలంటే పెద్ద కోర్సు, ఖాళీ వారాంతం కావాలనుకుంటాం. రోజూ చేతికి వచ్చే పనిలోనే బోలెడంత దొరుకుతుంది. పని ముగిశాక అరగంట ఆగాలి, అంతే.

నెమ్మదిగా నడిచే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) వచ్చిందనుకోండి. ఇండెక్స్ (పుస్తకం చివరి విషయసూచిక లాంటిది) పెట్టగానే వేగం పుంజుకుంటుంది, టికెట్ మూసేస్తాం. మూసే ముందు, డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ మళ్లీ తెరిచి చూడండి. ఇండెక్స్ లేనప్పుడు టేబుల్ మొత్తం చదివింది సరే, ఇండెక్స్ ఉన్న ఇంకో కాలమ్ దగ్గర కూడా ఎందుకు మొత్తం చదువుతోంది? చాలా వరుసలు ఆ షరతుకు సరిపోయేటప్పుడు మొత్తం చదవడమే చవక అని డేటాబేస్ లెక్క వేస్తుంది. ఆ ఒక్క సంగతి అర్థమైతే తర్వాత వంద క్వెరీల దగ్గర పనికొస్తుంది. ఒక జాగ్రత్త: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎక్స్‌ప్లెయిన్ పక్కన అనలైజ్ చేరిస్తే క్వెరీ నిజంగానే నడుస్తుంది. డిలీట్, అప్‌డేట్ లాంటి వాటి మీద వాడాలంటే ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేయండి, అంటే మార్పులు వెనక్కి తీసుకోండి.

ఎప్పుడు వచ్చిందో తెలియని బగ్ దొరికితే ఊహించడం మానేసి గిట్ బైసెక్ట్ పెట్టండి. బగ్ ఏ కమిట్‌తో (కోడ్‌లో నమోదైన మార్పుతో) వచ్చిందో సగం సగం చేస్తూ వెతికే కమాండ్ అది. వెయ్యి కమిట్ల మధ్య ఉన్నా సుమారు పది పరీక్షల్లో తేలిపోతుంది. బైనరీ సెర్చ్ అంటే పరీక్షల్లో రాసిన జవాబే గుర్తున్నవాళ్లకు అది చేతిలో పని చేస్తుంటే చూడడం వేరే అనుభవం. దొరికిన కమిట్‌ను సరిచేసి వదిలేయకండి. దాని మెసేజ్, అప్పటి రివ్యూలో జరిగిన చర్చ చదవండి. తెలివైన మనిషి ఏ ఒత్తిడిలో ఆ నిర్ణయం తీసుకున్నారో అక్కడ కనబడుతుంది. అది ఏ కోర్సులోనూ దొరకదు.

కోడ్ రివ్యూ చేసేటప్పుడు ఒక్కో రివ్యూలో ఒక్క నిజమైన ప్రశ్న అడగండి, తప్పు పట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి. "ఇక్కడ లాక్ ఎందుకు తీసుకున్నారు? లేకపోతే ఏమవుతుంది?" రాసినవాళ్లకు జవాబు తెలిస్తే మీరు నేర్చుకుంటారు, తెలియకపోతే ఇద్దరూ నేర్చుకుంటారు. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయినప్పుడు తర్వాత పెట్టే పోస్ట్‌మార్టమ్ మీటింగ్‌కు, అది మీ సర్వీసు కాకపోయినా, వెళ్లి కూర్చోండి. డీఎన్ఎస్, టైమౌట్లు, రీట్రైలు ఒకదాని మీద ఒకటి పడి వ్యవస్థను ఎలా కూలదోస్తాయో అక్కడ తెలిసినంత బాగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

నేర్చుకున్నది నిలవాలంటే అదే రోజు పేజీ మూసేసి, చూడకుండా నాలుగు వాక్యాలు రాయండి. మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాల ఫలితాలను 1885లో ప్రచురించారు: నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుంది, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుంది. అందుకే మొదటి రోజు పెట్టిన పది నిమిషాలకు అంత విలువ.

వారానికి రెండు గంటలు అడగండి

పనిలోంచి దొరకనివి కొన్ని ఉంటాయి. వాటికి విడిగా టైము అడగాలి. 3ఎం కంపెనీ తన సాంకేతిక ఉద్యోగుల పని వేళల్లో 15 శాతాన్ని సొంత ఆలోచనలకు వదిలే పద్ధతిని 1948 నుంచి పాటిస్తోంది. గూగుల్ వ్యవస్థాపకులు 2004లో షేర్లు మార్కెట్లోకి తెచ్చేటప్పుడు రాసిన లేఖలో 20 శాతం సమయం గురించి చెప్పారు. మీరు అంత అడగక్కర్లేదు. 40 గంటల వారంలో 2 గంటలంటే 5 శాతం.

అడిగేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి. మీ ఫైల్లోంచి టీమ్‌ను పదేపదే ఆపుతున్న విషయం ఒకటి తీసి చూపించి, రెండు నెలలు ప్రయత్నిద్దామని అడగండి. అనుమతి దొరికాక క్యాలెండర్‌లో వారం మధ్యలో, పొద్దుటి పూట పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం పెట్టుకున్నది నాకు ఒక్కసారీ నిలవలేదు. ముగ్గురు నలుగురు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది, ఒకరు తప్పించుకోబోయినా మిగతావాళ్లు లాగుతారు. రిలీజ్ ఉంటే ఆ గంటలను ఇంకో రోజుకు జరపండి గానీ రద్దు చేయకండి.

సొంత టైము విషయంలో

ముందు ఉద్యోగ ఒప్పందం తీసి, మీరు రాసినవాటి హక్కులు ఎవరివో చెప్పే భాగం చదవండి. ఇంట్లో రాసినదంతా కంపెనీదే అనే ఒప్పందాలున్నాయి. కాలిఫోర్నియా కార్మిక చట్టం 2870వ సెక్షన్ లాంటివి ఉద్యోగికి కొంత రక్షణ ఇస్తాయి: పూర్తిగా సొంత సమయంలో, కంపెనీ పరికరాలు, రహస్యాలు వాడకుండా చేసినది ఉద్యోగిదే. అక్కడ కూడా ఆ పని కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే మినహాయింపు ఉంది. ఎక్కడున్నా సొంత ల్యాప్‌టాప్, సొంత అకౌంట్ వాడండి. ఆఫీసు కోడ్ ముక్క ఒక్కటి కూడా సొంత రిపాజిటరీలోకి, సొంత ఏఐ అకౌంట్లోకి వెళ్లకూడదు.

తర్వాత హద్దు పెట్టుకోండి. నాది వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కొక్కటి గంట. ఒకసారికి ఒకే విషయం, ఆరు వారాల్లో ముగిసేంత చిన్నది. వీడియోలు చూస్తూ కూర్చోకుండా చేత్తో ఏదైనా కట్టండి: సొంతంగా చిన్న హెచ్‌టీటీపీ సర్వర్, చిన్న కీ-వాల్యూ స్టోర్. ఆరు వారాల తర్వాత నచ్చకపోతే వదిలేయండి, దాని మీద అపరాధభావం వద్దు. నిద్ర తగ్గించి మాత్రం చదవకండి. నేను ఆరేళ్లు అలా చదివిన వాటిలో చాలా మటుకు మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

ఉద్యోగం మారడానికి చేసే ప్రిపరేషన్ ఈ గంటల్లోకే వస్తుంది. దాన్ని ఆఫీసు టైములో చేయడం న్యాయం కాదు. అవతలి వైపు నుంచి మనం కోరే న్యాయమే ఇది కూడా.

పిల్లలు, పెద్దవాళ్ల సంరక్షణ, ఆరోగ్యం వల్ల సొంత టైమంటూ లేనివాళ్లు ఈ భాగాన్ని పూర్తిగా పక్కన పెట్టేయవచ్చు. అంచనాలో విడి లైన్, పని ముగిశాక అరగంట, ఈ రెండూ వదలకుండా చేస్తే ఏడాదిలో తేడా కనబడుతుంది.

టీమ్ నడిపేవాళ్లకు ఒక మనవి. "ఇది చదవండి" అంటూ రాత్రిపూట లింకులు పంపకండి. ఎవరైనా పని అనుకున్నదానికన్నా త్వరగా పూర్తి చేస్తే మెచ్చుకునే ముందు, ఎప్పుడు కూర్చుని చేశారో అడగండి. ఇంటర్వ్యూలో సొంత ప్రాజెక్టులు లేవని మార్కులు తగ్గించకండి. కంప్యూటింగ్ నిపుణుల సంఘం ఏసీఎం 2018లో సవరించిన వృత్తి నియమావళి, నైపుణ్యం పెంచుకుంటూ ఉండడం ప్రోగ్రామర్ బాధ్యత అంటూనే, దానికి యాజమాన్యాలు వీలు కల్పించాలని కూడా అదే చోట చెబుతుంది.

మూడు నెలలకు మళ్లీ లెక్క చూడండి

మళ్లీ రెండు వారాలు రాయండి. మొదటి కుప్పకు రాత్రిళ్లు పోయిన గంటలు ఎన్నో పాత అంకెతో పోల్చండి. తగ్గితే పద్ధతి పని చేస్తున్నట్టే. తగ్గకపోతే ఆ రెండు అంకెలూ పట్టుకుని మేనేజరుతో మరోసారి మాట్లాడండి. ఇంకో మూడు నెలలకూ మార్పు లేకపోతే మీ సాయంత్రాలను కొన్నాళ్లు ఇంటర్వ్యూల ప్రిపరేషన్‌కు మళ్లించండి. ఆ ఇంటర్వ్యూల్లో మీకు ప్రశ్నలు అడిగే వంతు వచ్చినప్పుడు "మీ టీమ్‌లో గత నెల ఎవరు ఏం కొత్తగా నేర్చుకున్నారు? ఏ టైములో?" అని అడిగి, రెండో ప్రశ్నకు వాళ్లు ఏమంటారో ఇంటికొచ్చి రాసి పెట్టుకోండి.